తళిలో నేను కనిపెట్టిన సముద్రపు జీవి

కృష్ణగిరి, హోసూరు వైపు వెళ్లివచ్చినవాళ్లు అక్కడి కొండకోట గురించి, చలి గురించి, మామిడితోటల గురించి చెబుతారు. నాకూ వాటి గురించే రాయాలని ఉంది. కానీ ఆ ప్రయాణంలో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని తీసేసి మిగతాది రాస్తే కొలతలో ఒక అడుగు దాచినట్టవుతుంది. ఎనభైలు మొదలైన కొత్తలో, అనపకాయలు కాసే చలికాలంలో జరిగిన సంగతి ఇది.

మాది పలమనేరు. ఒక రాతి డిపోలో కొలతలు తీయడం నా పని. చదివింది ఐదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. బండ పొడవు, వెడల్పు, మందం చూస్తే కాగితం లేకుండా ఘనపుటడుగులు చెప్పగలను. కొలిచిన ప్రతి రాయి అంచునా సన్న ఉలితో నంబరు చెక్కడం కూడా నా పనే. రంగుతో రాస్తే లారీలో రాసుకుని చెరిగిపోతుంది. చెక్కింది చెరగదు.

అంతకు ముందు ఏడాది మదనపల్లెలో పుస్తకాల వ్యాను దగ్గర, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం ఒకటి నాలుగు రూపాయలకు కొన్నాను. భూమి మీది తొలి ప్రాణుల గురించిన పుస్తకం. అందులో డికిన్సోనియా అనే సముద్రపు జీవి బొమ్మ ఉంది. దాదాపు అరవై కోట్ల ఏళ్ల నాటిదట. ఎముక లేదు, గుల్ల లేదు, కాళ్లు లేవు, కళ్లు లేవు, నోరు ఎక్కడో ఎవరికీ తెలియదు. కోడిగుడ్డు ఆకారంలో పరిచిన చిన్న చాపలా ఉంటుంది. నడుమ ఒక గీత, దానికి రెండు వైపులా పక్కటెముకల వంటి మడతలు. ఆస్ట్రేలియాలోనూ, రష్యాలో తెల్ల సముద్రం ఒడ్డునా ఇసుకరాతి మీద దాని అచ్చులు దొరికాయి. అచ్చులే తప్ప జీవి మిగల్లేదు. కొందరు దాన్ని పురుగు అన్నారు. కొందరు జెల్లీచేపకు చుట్టం అన్నారు. అసలు జంతువే కాదేమో అన్నవాళ్లూ ఉన్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆ మడతలు లెక్కపెట్టి, కొలిచి, అక్కడే ఆగిపోయారు.

లెక్కపెట్టడమే పనైతే అది నాకూ వచ్చు. నా మనసు అక్కడే పడింది. బొమ్మలో ఎడమ మడతలూ కుడి మడతలూ నడిగీత దగ్గర ఎదురెదురుగా కలవవు. ఒకదానికొకటి సగం జరిగి ఉంటాయి. ఆ సంగతి పుస్తకం ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసింది. నేను వదల్లేదు. భూతద్దం పెట్టి ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలియదు. డిపోకు వచ్చినవాళ్లందరికీ ఆ బొమ్మ చూపించేవాణ్ణి.

అలా చూసినవాళ్లలో మునెప్ప ఒకడు. మా డిపోలో పనిచేసి, తర్వాత హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చేరి, భార్య ఊరైన తళిలో కాపురం పెట్టాడు. ఒకరోజు అతని దగ్గరనుంచి కవరు వచ్చింది. కాగితాన్ని రాతి మీద పరిచి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు అందులో ఉంది. నడుమ గీత. రెండు వైపులా మడతలు. సగం జరిగి ఉన్నాయి. “అన్నా, నీ పురుగు మా ఊరి బస్టాండు కాడ టిఫను అంగట్లో ఉంది. బిరీన రా” అని కింద రాశాడు.

నేను డిపోలో ఐదు రోజులు సెలవు పెట్టాను.

కృష్ణగిరి

కుప్పం దాటాక బస్సులో మాట మారుతుంది. కండక్టరు తమిళంలో ఊరి పేరు అరుస్తాడు, ఎక్కినవాళ్లు తెలుగులో చిల్లర అడుగుతారు, వెనక సీటువాడు కన్నడంలో విసుక్కుంటాడు. ముగ్గురికీ ముగ్గురి మాటా అర్థమవుతుంది. మా ఊళ్లో తమిళం మాట్లాడితే తిరిగి చూస్తారు. ఇక్కడ ఒక్క భాషలోనే మాట్లాడేవాణ్ణి తిరిగి చూస్తున్నారు.

నా పక్కన కృష్ణగిరిలో చింతపండు వ్యాపారం చేసే శెట్టిగారు కూర్చున్నారు. తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబమట. నా ఒళ్లోని సంచి తన మోకాలికి తగిలితే తడిమి చూశారు.

“ఏమప్పా, ఇంత బరువు? ఇనుమా?”

“ఉలి, సుత్తి, అడుగుబద్ద, భూతద్దం అండీ.”

“యాడన్నా గుడి కడతా ఉండావా?”

సంగతి చెప్పి, పుస్తకం తీసి బొమ్మ చూపించాను. ఆయన కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చూశారు.

“ఇది తినేదానికా?”

“కాదండీ.”

“అమ్మేదానికా?”

“కాదు.”

“మల్ల దీనికోసం మూడు బస్సులు మారతా ఉండావా!” అని బస్సంతా వినబడేలా నవ్వారు. తర్వాత నా మొహం చూసి జాలి కలిగిందేమో, గుడ్డసంచిలోంచి చింతపండు ఉండ ఒకటి తీసి ఇచ్చారు. “నోట్లో ఏసుకో. మా మిద్దె మీద కాలేజీలో రాళ్ల పాఠం చెప్పే మేష్టారు కాపురముండాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయప్పకు చూపించు. మీరిద్దురూ బాగా కుదురుతారు.”

కృష్ణగిరిలో కొండ ఊరి మీదికి వంగినట్టుగా ఉంటుంది. మొత్తం ఒకే రాయి. అలవాటు కొద్దీ ఘనపుటడుగులు కడదామని ప్రయత్నించి, అడుగుభాగం తెలియక మానేశాను. ఆ రాత్రి భోజనానికి ఒక పూటకూళ్ల ఇంట్లో రాగి సంగటి, అనపగింజల పులుసు పెట్టారు. ఇక్కడ సంగటిని కళి అంటారు. ముద్ద మా ఊరి ముద్దకు ఒకటింబావు ఉంటుంది. మేము అనపగింజలు నానబెట్టి, పైతోలు పితికి వండుతాం. ఇక్కడ తోలుతోనే వేశారు. అదేమని అడిగాను.

“తోలు పితికేంత తీరిక మీ ఊర్లో ఉందేమో సామీ. ఈడ లారీలోళ్లు నిలబడుకోని ఉంటారు” అని వడ్డించే ఆమె ఇంకో గరిటె పోసింది. రెండు రూపాయలకు కడుపు నిండింది.

హోసూరు

హోసూరులో దిగగానే చెవులు చల్లబడ్డాయి. మా వైపు చలి ఉదయం ఎనిమిదికి పోతుంది. ఇక్కడ పదకొండైనా దుకాణాలవాళ్లు మఫ్లరు తీయలేదు. బస్టాండు నిండా టిఫను క్యారియర్లు పట్టుకున్న మనుషులు. గుంటూరు యాస ఒకటి, శ్రీకాకుళం యాస ఒకటి, మధ్యలో మన రాయలసీమ. ఒకాయన కెలవరపల్లి దగ్గర గది తీసుకున్నాడట. రాత్రి గాలికి తలుపు నిలవడం లేదని, ఇంటి ఓనరును అడిగితే “గాలికి బాడుగ వేయలేదు కదా” అన్నాడని చెప్పి నవ్వించాడు.

మునెప్ప షిఫ్టు దిగి నూనె చేతులతోనే వచ్చాడు. “అన్నా, ఊర్లో అందరికీ చెప్పినా. పలమనేరు నుంచి లెక్కల సారు వస్తాడు, చూసి తేలుస్తాడు అని.”

“సారు ఏంట్రా.”

“అంటే ఏం పోతుంది?” అన్నాడు.

నేను మళ్లీ కాదనలేదు.

తళి

తళి ఎత్తు మీది ఊరు. దారిపొడుగునా కోసు అనే క్యాబేజీ తోటలు, బీన్సు పందిళ్లు. బస్సు పైన పూలబుట్టలు, లోపల మనుషులు.

మునెప్ప రాసిన టిఫను అంగడి యల్లమ్మ అనే ఆమెది. బస్సు ఆగే చోటే ఉంది. రేకు కప్పు, రెండు బల్లలు, ఇడ్లీ పాత్ర. ఆమె యాభై దాటిన మనిషి. గోడ పక్కన నేల మీద పచ్చడి నూరే బండ. మేము సన్నికల్లు అంటాం, ఇక్కడ తమిళం కలిసి అమ్మి అంటారు. మేము వెళ్లేసరికి నలుగురైదుగురు తింటున్నారు.

“యల్లమ్మక్కా, పచ్చట్లో చనక్కాయలు మెదగకుండా ఈదతా ఉండాయి. పట్టుకునేదానికి వల కావాల” అన్నాడు ఒక లారీ డ్రైవరు.

“పండ్లుండేవాళ్లకే నా అంగడి. నీకు పాలిస్తాలే, తాగి పో” అంది ఆమె.

“రాయి అరిగిపోయింది, కొట్టించుకోరాదా?”

నునుపు తేలిన బండను ఉలితో మళ్లీ గరుకు చేయడాన్ని రాయి కొట్టడం అంటారు. మా ఊళ్లోనూ ఏడాదికోసారి ఎవరో వీధిలో కేక వేసుకుంటూ వస్తారు. యల్లమ్మ భర్త తిమ్మప్పది ఆ పనేనట.

“కొట్టినాయప్ప పోయి ఆరేండ్లాయె” అంది యల్లమ్మ. “ఆయప్ప చేతి పని ఇదొక్కటే మిగిలింది నాకు. ఇంకొకరి ఉలి దీని మీద పడనీను. మీ పండ్లు అరిగితే అరగనీ.”

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. విని, చెయ్యి కడుక్కుని, బండ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

బండ మధ్యకు కొద్దిగా పల్లమై ఉంది. నల్లటి నునుపులో మడతలు తడి గుడ్డతో తుడిస్తేనే కనబడుతున్నాయి. నడుమ గీత. కోడిగుడ్డు ఆకారం. ఎడమ ఇరవై ఎనిమిది, కుడి ఇరవై ఏడు. సగం జరిగి ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను.

“ఏముందన్నా?” అన్నాడు మునెప్ప.

“అదే” అన్నాను.

యల్లమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. “ఏందప్పా అది?”

పుస్తకం తెరిచి చూపించాను. అరవై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడంతా సముద్రం ఉండి ఉంటుందని, మెత్తటి ఒళ్లున్న జీవి ఒకటి అడుగున పడుకుని ఈ రాతిలో అచ్చు వదిలిందని చెప్పాను. తింటున్నవాళ్లు ప్లేట్లతో లేచి వచ్చారు.

“అది మా ఆయప్ప కొట్టింది” అంది యల్లమ్మ.

“నీ ఎదురుగా కొట్టాడా అమ్మా?”

“ఎదురుగా ఏంది, నేను వంట చేస్తా ఉంటే పెరట్లో కొట్టినాడు. చప్పుడు వినపడతా ఉండింది.”

“గరుకు కోసం పైపైన కొట్టి ఉంటాడు. ఈ మడతలు అంతకు ముందునుంచే ఉన్నాయి. మనిషి కొడితే రెండు వైపులా జతజతగా కొడతాడు. ఒక పక్క ఇరవై ఎనిమిది, ఇంకో పక్క ఇరవై ఏడు ఎందుకు కొడతాడు? ఒక మడతకు ఎదురుగా ఇంకో మడత ఎందుకు పెట్టడు? నువ్వే చెప్పు.”

ఆయన ఎన్ని కొట్టాడో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లు “అవును గదా, లెక్క చెప్తా ఉండాడు గదా” అన్నారు. డ్రైవరు బండ వైపు చేతులు జోడించాడు. యల్లమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. పుస్తకంలోని జీవికి మడతలు ఒక చివరికి పోయేకొద్దీ సన్నబడతాయి. ఈ బండ మీద అలా లేవు. అడుగుబద్ద పెట్టి చూస్తే మడతకూ మడతకూ మధ్య దూరం ఒకటే: అర అంగుళం మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పై నుంచి కింది దాకా ఒకటే. ప్రాణి ఒంటి మీద అంత సమానమైన కొలత ఉండదని నాకు తోచింది. ఆ కొలతను నోటుపుస్తకంలో రాసుకున్నాను. మిగతావి పెద్ద అక్షరాలతో, అది చిన్న అక్షరాలతో.

తళిలో రెండో రోజు

మర్నాడు నంబర్లు వేయాలనుకున్నాను. రేపు ఎవరైనా పెద్దవాళ్లు చూడ్డానికి వస్తే, నేను ఇరవయ్యో మడత అని రాసింది వాళ్లకూ ఇరవయ్యో మడత కావాలి. మా డిపోలో పద్ధతి అది. నంబరు లేని రాయి మాకు రాయే కాదు.

“రంగుతో రాస్తాను” అన్నాను.

“తినే రాయప్పా. రంగు వద్దు” అంది యల్లమ్మ.

“అయితే ఉలితో. మడతల మీద కాదు, అంచు మీద. చిన్న అంకెలు.”

మునెప్ప “పేపర్లో పడతాదక్కా, తళి పేరు” అన్నాడు.

“ఆయప్ప కొట్టింది కాదని మీరే తేల్చేస్తిరి” అంది ఆమె చివరికి. “ఇంక ఎవురి ఉలి పడితే ఏముంది.”

దాన్ని నేను ఒప్పుకోవడం కింద తీసుకున్నాను.

నల్లరాతి మీద ఒక అంకె చెక్కడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. మూడు గంటలకు పైగా వంచిన తల ఎత్తలేదు. ఎడమ అంచున ఒకటి నుంచి ఇరవై ఎనిమిది, కుడి అంచున ఒకటి నుంచి ఇరవై ఏడు. పని బాగా కుదిరింది. ఒక్క అంకె కూడా వంకర పోలేదు. అది చూసి మురిసిపోయాను కూడా. పైన కాగితం పరిచి నంబర్లతో సహా కొత్త అచ్చు తీసుకున్నాను. ఇక ఈ బండ మీద నూరవద్దని, ఒక్క మిరపకాయ కూడా పడకూడదని యల్లమ్మకు చెప్పాను. ఆ రోజు ఇడ్లీలోకి ఆమె కారప్పొడి, నూనె పెట్టింది. ఇద్దరు ప్లేట్లు చూసి ఎదురంగడికి వెళ్లారు.

మళ్లీ కృష్ణగిరి

నాలుగో రోజు శెట్టిగారి మిద్దె ఎక్కాను. రాళ్ల మేష్టారు పడుచువాడు. తమిళుడే కానీ తెలుగు బాగానే వచ్చు. అచ్చును కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు.

“రొంబ అందంగా ఉంది సార్. నంబర్లు మీరే వేసినారా?”

“అవును.”

“కాగితం మీదనా, రాయి మీదనా?”

“రాయి మీదే.”

ఆయన తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ కాగితం వైపు తిరిగాడు. “ఏ రాయి సార్ ఇది?”

“ఇక్కడి కొండరాయే. నల్లరాయి.”

“అయితే కష్టం సార్. మెత్తటి జీవి అచ్చు నిలవాలంటే అడుగున బురదో ఇసుకో ఉండాల. అది మెల్లగా రాయి కావాల. మన పక్క రాళ్లన్నీ భూమి లోపల నిప్పులో ఉడికి, నలిగి వచ్చినవి. ఊత్తంగరై ఊరి రాయైనా, తళి రాయైనా అంతే. ఎముక కూడా మిగలదు దీంట్లో. ఎముకే లేని జీవి యాడ మిగులుతుంది?”

“మరి మడతలు సగం జరిగి ఉన్నాయి కదండీ. లెక్క సరిపోయింది కదా.”

“లెక్క సరిపోయింది సార్. రాయి సరిపోలేదు” అని ఆయన నా పుస్తకం అందుకుని, ఒక పేజీ తిప్పి వేలు పెట్టాడు. ఆయన చెప్పిందే అక్కడ అచ్చయి ఉంది. ఆ పుస్తకాన్ని ఏడాదిగా చదువుతున్నాను. ఆ పేజీలో అంకెలు లేవు. అందుకని ప్రతిసారీ దాటేశాను.

ఆయన కాఫీ తెప్పించాడు. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. ఈ పడుచువాడు చూడకుండా ఎలా తేలుస్తాడు, రాయి వేరే చోటునుంచి వచ్చి ఉండకూడదా అనుకుంటూ మెట్లు దిగాను.

మార్కెట్టు దారిలో

మార్కెట్టు దారిలో రోళ్లు, అమ్మిలు పరిచి అమ్మే చోటు ఉంది. అరవై ఏళ్ల మనిషి ఒకామె కాళ్లు చాపుకుని ఒక కొత్త అమ్మి కొడుతోంది. పక్కన కూర్చున్నామె “లచ్చుమక్కా, బేరం వచ్చింది చూడు” అని నన్ను చూపించింది. నేను ఆగింది కొనడానికి కాదు. ఆమె ఒళ్లోని బండ మీద నడుమ గీత, రెండు వైపులా మడతలు ఉన్నాయి. సగం జరిగి ఉన్నాయి.

కూర్చుని లెక్కపెట్టాను. ఎడమ ముప్పై రెండు, కుడి ముప్పై ఒకటి.

“ఏం సామీ, రాయి కొంటావా, గీతలు కొంటావా?” అంది లచ్చుమక్క.

“ఇలా ఎదురెదురుగా పెట్టకుండా ఎందుకు కొడుతున్నావమ్మా?”

“ఎదురెదురుగా పెడితే పచ్చడి జారి పక్కకు వస్తాది. దాటుగా పెడితే ఆడాడే తిరగలాడి మెదుగుతాది. రెండో పక్క సగం దిగి మొదలుపెట్టల్ల, అందుకే ఒకటి తగ్గుతాది.”

“అందరూ ఇలాగే కొడతారా?”

“యాడప్పా! అందురూ చుక్కలు పొడిచి పోతారు. ఇది తిమ్మన్న పనితనం. మొగుడు పోయి రోడ్డు మీద ఉంటే నాకు ఉలి పట్టుకునేది నేర్పినాడు ఆయప్ప. ఆయప్పది తళి ఊరు.”

సంచిలోంచి అచ్చు తీసి ఆమె ముందు పరిచాను. చూడగానే కళ్లు పెద్దవి చేసుకుంది. ఉలి కింద పెట్టి, చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, కాగితాన్ని తాకింది.

“తిమ్మన్నదే. ఇదో, వేలు పెట్టి చూడు. ఒక గంటుకూ ఇంకొక గంటుకూ మధ్య వేలెడు. ఎవురి వేలు వాళ్ల కొలత. నా వేలు సన్నం, నాకు ముప్పై రెండు పడతాయి. ఆయప్ప వేలు లావు.”

నా చూపుడు వేలు కాగితం మీద పెట్టాను. రెండు మడతల మధ్య సరిగ్గా ఇమిడింది. అర అంగుళం మీద ఒక నూలు. నేను చిన్న అక్షరాలతో రాసుకున్న కొలత, చనిపోయిన ఒక మనిషి వేలు.

“ఈ నంబర్లు ఏంది?” అంది ఆమె.

చెప్పాను. అంతా చెప్పాను. లచ్చుమక్క పక్కామెను పిలిచి మొదటినుంచీ మళ్లీ చెప్పించింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

“సముద్రం పురుగనుకున్నాడంట మా తిమ్మన్న గీతల్ని!” అని కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది. “యల్లమ్మ ఏమనింది?”

“తన భర్త కొట్టిందనే అంది.”

“నువ్వేమంటివి?”

“కాదన్నాను.”

ఆమె మళ్లీ ఉలి తీసుకుంది. “పోయి చెప్పు” అంది. నా వైపు చూడలేదు.

బస్టాండులో కుప్పం బస్సు, హోసూరు బస్సు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. సెలవు మర్నాటితో అయిపోతుంది. ఇంటికి పోయి మునెప్పకు ఒక కార్డు రాస్తే చాలు, అతను చెబుతాడు అనుకున్నాను. కుప్పం బస్సెక్కి కూర్చున్నాను కూడా. టిక్కెట్టు అడిగినప్పుడు దిగాను. అది మంచితనం అనుకోవద్దు. ఎన్ని మైళ్లు పోయినా ఆ వేలి కొలత నాతో వస్తుందని తెలిసి దిగాను.

మళ్లీ తళి

ఐదో రోజు ఉదయం యల్లమ్మ అంగట్లో జనం ఉన్నారు. ఆ డ్రైవరూ ఉన్నాడు. మనుషులు తగ్గాక చెబుదామనిపించింది. కానీ ఆమెను కాదన్నది అందరి ముందు. నిలబడే చెప్పాను.

“మొన్న నేను చెప్పింది తప్పు. ఇది సముద్రపు జీవి కాదు. ఈ రాతిలో అలాంటివి ఉండవు. ఇది తిమ్మప్పగారు కొట్టిందే. కృష్ణగిరిలో ఆయన దగ్గర పని నేర్చుకున్నామె అచ్చు చూసి చెప్పింది.”

డ్రైవరు మొదలుపెట్టాడు.

“అరవై కోట్ల నుంచి అమాంతం ఆరేండ్లకు దిగినావే లెక్కలాయనా! నేను దండం కూడా పెట్టినా గదప్పా దానికి!”

“నీ దండం తిమ్మప్పకు పోయిందిలే, పోనీ” అన్నాడు ఇంకొకడు. ఇడ్లీలు గొంతుకు అడ్డం పడేలా నవ్వారు. మునెప్ప నేల చూస్తూ నిలబడ్డాడు. ఊళ్లో వాళ్లకు రేపు మొహం చూపించవలసినవాడు అతను.

యల్లమ్మ నవ్వలేదు. ఇడ్లీ పాత్ర మూత పెట్టి చెయ్యి తుడుచుకుంది.

“ఆయప్పదేనని నాకు తెలుసు గదప్పా” అంది. “ఈ మూడు దినాలు మాత్రం తెలీకపాయె” అంది.

నంబర్లు తీయించేస్తానన్నాను. లచ్చుమక్కను నేనే తీసుకొస్తానన్నాను.

“అంకెలు పోవల్లంటే అంచు దించల్ల. అంచు దించితే నడుమ కూడా దించల్ల. లేకుంటే గుండు ఆడదు” అంది రాయి కొట్టేవాడి భార్య. “నడుమ దించితే ఇంకేం మిగుల్తాది? ఉండనీ. కూసో. తిన్లేదు గదా నువ్వు.”

ఆమె బండ ముందు కూర్చుని మిరపకాయలు, ఉప్పు, వేయించిన చనక్కాయలు వేసి నూరడం మొదలుపెట్టింది. మూడు రోజుల తర్వాత మొదటి పచ్చడి. గుండురాయి ముందుకూ వెనక్కూ పోతుంటే ఎర్రటి ముద్ద అంచుల దాకా వచ్చి వెనక్కి పోతోంది. నాకు ప్లేటులో మూడు ఇడ్లీలు, పచ్చడి పెట్టింది. పచ్చడి బరకగా, మంచి కారంగా ఉంది.

తర్వాత బండ మీద చెంబెడు నీళ్లు పోసి కడిగింది. తిమ్మప్ప గంట్లలోంచి నీళ్లు తేటగా జారిపోయాయి. నా అంకెల్లో మాత్రం ఎరుపు నిలిచిపోయింది. మళ్లీ పోసింది. పోలేదు. నేను లోతుగా, సన్నగా చెక్కాను. డిపోలో అలా చెక్కితేనే మెచ్చుకుంటారు. మిరపకాయ తొక్కు ఉంటే మర్నాటికి వాసన వస్తుంది.

ఆమె చీపురులోంచి ఒక ఈనెపుల్ల విరిచి, ఎడమ అంచున ఒకటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క అంకెలోంచీ తొక్కు తీయసాగింది. నేను చేస్తానని చెయ్యి చాపాను.

“నువ్వు తిను. చల్లారిపోతాది” అంది. పుల్ల ఇవ్వలేదు.

నేను తింటూ లెక్కకట్టాను. వద్దనుకున్నా నా తల ఆగదు. పది నుంచి ప్రతి నంబరుకూ రెండేసి అంకెలు. ఎడమ అంచున నలభై ఏడు అంకెలు, కుడి అంచున నలభై ఐదు. మొత్తం తొంభై రెండు. అంగడి తీసిన ప్రతి రోజూ తొంభై రెండు.

ఆమె ఎడమ అంచున పదకొండో నంబరు దాకా శుభ్రం చేసేసరికి నా బస్సు వచ్చింది. ఇంకా డెబ్భై తొమ్మిది అంకెలు మిగిలి ఉన్నాయి.